ఎర్ర టేపు చుట్టిన తీగ

కాలిన వైరు వాసన నాకు ముందు గొంతులో తెలుస్తుంది, తర్వాతే ముక్కుకు. నిన్న దిల్‌సుఖ్‌నగర్‌లో రోడ్డు పక్కన ఆగిన ఒక వ్యాను ముందు భాగం నుంచి సన్నగా పొగ వస్తోంది. డ్రైవరు నీళ్ల సీసాతో పరుగెత్తుతున్నాడు. "నీళ్లు వద్దు, ముందు బ్యాటరీ వైరు పీకెయ్!" అని అరిచాను. అరిచాక ఆ మాట నాది కాదని, నాకు పని నేర్పిన సత్తన్నదని గుర్తుకొచ్చింది. ఆయన పోయి నాలుగు నెలలైంది.

సత్తయ్యది నల్గొండ దగ్గరి పల్లె. ఎల్‌బీ నగర్ చౌరస్తా దాటాక ఒక రేకుల షెడ్డులో లారీలకూ ట్రాక్టర్లకూ వైరింగ్ పని చేసేవాడు. నేను తెనాలి వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబంలోవాణ్ని. పనిచేసే ఫ్యాక్టరీ మూతపడితే, ముప్పై ఏళ్ల వయసులో ఎలక్ట్రికల్ డిప్లొమా పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్లాను. ఆయన కాగితం వైపు చూడలేదు.

"ఎలుక కొరికిన వైరు ఎట్లుంటదో చెప్పిండ్రా సారూ, మీ కాలేజీల?"

"లేదండీ."

"అయితే మొదటికెళ్లి షురూ చేద్దాం."

అప్పటి నుంచి చివరిదాకా నన్ను సారూ అనే పిలిచాడు. మొదట అది ఎగతాళి. ఎప్పుడు కాకుండా పోయిందో నాకు తెలియదు.

ఆయనకొక అలవాటుండేది. ఏ బండి వైరింగ్ పూర్తయినా బ్యాటరీ నేరుగా కలపడు. స్విచ్చులన్నీ ఆపి, బ్యాటరీకీ వైరుకూ మధ్య ఒక బల్బు పెడతాడు. బల్బు వెలిగితే లోపల ఎక్కడో కరెంటు పోకూడని దారిన పోతున్నట్టు. వెలగకపోతే పని సరిగా ఉన్నట్టు. "వెలగని బల్బును చూసి ఖుషీ అయ్యేటోళ్లం మనమొక్కళ్లమే సారూ" అనేవాడు.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజుల్లో నాదర్‌గుల్ నుంచి నర్సిరెడ్డి అనే ఆసామి ఒక పాత లారీని ట్రాక్టరుకు కట్టి లాక్కొచ్చాడు. అది ఆయన తండ్రిది. అరవై తొమ్మిదిలో, మొదటి ఉద్యమంలో, పెద్దాయన విద్యార్థులను ఎక్కించుకుని తిరిగిన లారీ. లారీ మా దగ్గరికొచ్చేనాటికి పెద్దాయనకు తొంభై దగ్గర పడుతున్నాయి. ఊరి నుంచి ఎల్‌బీ నగర్‌కు తీసే ర్యాలీలో ఆ లారీ క్యాబిన్‌లో కూర్చోవాలన్నది ఆయన కోరిక. కానీ అది ఆరు వోల్టుల బండి. దానికి సరిపడే బ్యాటరీ, బల్బులు ఎక్కడా దొరకడం లేదు. పన్నెండు వోల్టులకు మార్చాలి.

"నాయన మాట్లాడుడు బందువెట్టిండన్నా. లారీ అయ్యిందా అని మాత్రం రోజుకు రెండుసార్లు అడుగుతడు" అన్నాడు నర్సిరెడ్డి.

రెండు వారాలు పని చేశాం. డైనమో తీసి ఆల్టర్నేటర్ బిగించాం. హారన్, బల్బులు మార్చాం. గుడ్డ చుట్టిన పాత తీగలన్నీ తీసేద్దామని నేనంటే సత్తన్న ఒప్పుకోలేదు. "వోల్టులు పెరిగితె తీగ మీద భారం తగ్గుతది గదా. గిది మనకన్న గట్టిగున్నది, ఉండనియ్." చిక్కు ఇంకోచోట ఉంది. ఆ కాలపు లారీలో బ్యాటరీ ప్లస్‌ను బాడీకి కలిపేవారు. కొత్త ఆల్టర్నేటర్‌కు బాడీ మైనస్ కావాలి. ఇక మైనస్‌కు కలపాల్సిన, బాడీకి పోయే ఆ లావు తీగకు ఎవరో ఎప్పుడో ప్లస్ గుర్తుగా ఎర్ర టేపు చుట్టారు.

"ఈ టేపు పీకేద్దామా అన్నా?"

"పీకుదాం తియ్, ముంగట గా హారన్ సంగతి చూడు."

ర్యాలీ రోజు పొద్దున బంద్. బ్యాటరీకి తీగ బిగించే క్లాంపు విరిగితే, సగం షట్టర్ తెరిచిన దుకాణం ఎక్కడైనా దొరుకుతుందేమోనని సత్తన్న నడిచి వెళ్లాడు. "నేనొచ్చేదాంక బ్యాటరీ ముట్టకు" అన్నాడు. ఆయన అటు వెళ్లగానే నర్సిరెడ్డి మనుషులు జెండాలతో షెడ్డు ముందుకొచ్చారు. డప్పులు మోగుతున్నాయి.

"నాయన తెల్లబట్టలేసుకొని గంటసేపట్నుంచి కుర్చీల కూసున్నడు. ఇంకెంతసేపు?" అన్నాడు నర్సిరెడ్డి.

వెనక నుంచి ఎవరో, "ఆంధ్రా సారు గావాల్ననే లేట్ చేస్తుండేమో, జర చూడుండ్రి" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. షెడ్డు మూల నుంచి పాత క్లాంపు ఒకటి తెచ్చి, బల్బు పెట్టకుండా, ఎర్ర టేపును నమ్మి ఆ తీగను ప్లస్‌కు బిగించాను. రెండోది కలపగానే క్యాబిన్ లోంచి పొగ లేచింది.

సత్తన్న ఎక్కణ్నుంచి పరుగెత్తుకొచ్చాడో తెలియదు. ఉత్త చేత్తో తీగ పీకేశాడు. అరచెయ్యి కాలింది. నర్సిరెడ్డి లోపలికొచ్చి, "ఎవని పనిది?" అని అరిచాడు. సత్తన్న నన్ను చూశాడు. బయట నిలబడ్డ గుంపును చూశాడు.

"నాదే పటేలా. లోపల వైర్లు నేనే ఉల్టా కలిపిన. సారు బ్యాటరీ పెట్టిండంతే."

నేను నోరు తెరవలేదు.

ర్యాలీ ఆ లారీ లేకుండానే వెళ్లింది. సాయంత్రం దాకా పెద్దాయన కుర్చీలోంచి లేవలేదని తర్వాత విన్నాం. కాలిన చేతికి గుడ్డ కట్టుకుని సత్తన్న పదకొండు రోజులు ఆ లారీ దగ్గరే కూర్చుని ఒక్కో తీగా మార్చాడు. పన్నెండో రోజు బల్బు పెట్టి చూశాం. వెలగలేదు. మర్నాడు నాదర్‌గుల్ నుంచి కబురొచ్చింది, పెద్దాయన పోయాడని. లారీ మొదటి ప్రయాణం ఆయన్ను ఊరి బయటికి తీసుకెళ్లడానికే అయింది. సత్తన్నే నడిపాడు. నర్సిరెడ్డి ఆయనతో ఒక్క మాటా మాట్లాడలేదు. ఆ ఊరి బండ్లు మళ్లీ మా షెడ్డుకు రాలేదు.

నిజం చెప్పేస్తానని సత్తన్నతో ఒకసారి అన్నాను. ఆయన పని ఆపకుండానే, "గిప్పుడు చెప్తె నీ మనసు తేలికైతది. ముసలాయనకేమొస్తది?" అన్నాడు. ఆ ప్రశ్న వెనక ఏళ్ల తరబడి దాక్కున్నాను. రాష్ట్రం వచ్చిన రోజు నా చేతిలో లడ్డూ పెట్టి, "తిను సారూ, మనూరే గదా" అన్నాడు. ఆయన అరచేతిలో కాలిన మచ్చ మెరుస్తోంది.

సత్తన్న దినాలకు నర్సిరెడ్డి వచ్చాడు. నెరిసిపోయాడు. నా పక్కనే కూర్చుని, "మంచి పనోడు. గా ఒక్కనాడే చెయ్యి తప్పిండు" అన్నాడు.

"తప్పింది ఆయన కాదండీ. తీగ తప్పుగా కలిపింది నేను" అన్నాను.

నర్సిరెడ్డి నా వైపు తిరిగాడు. "నాయనకు ఆఖరి దినాలల్ల గా లారీదే సోయి. సత్తయ్యను నేను తిట్టని తిట్టు లేదు. గిన్నేండ్లు ఏం జేసినవ్?" అన్నాడు. భోజనం చెయ్యకుండా లేచి వెళ్లిపోయాడు.

ఇప్పుడు షెడ్డు నేనే నడుపుతున్నాను. ఏ బండి వచ్చినా సత్తన్న బల్బునే మధ్యలో పెట్టి, అది వెలగకుండా ఉంటుందేమోనని చూస్తాను. నిజం చెబితే మనసు తేలికవుతుందన్నాడు ఆయన. కాలేదు. నాకు తెలిసి సత్తన్న అంచనా తప్పింది అక్కడొక్కచోటే.