చేపల తొట్టికి లారీ ట్యూబు

డెబ్బైల్లో నేను కోదాడ బడిలో సైన్సు మాస్టారును. ఇన్‌స్పెక్టరు గారు వచ్చే రోజే మా గాజు తొట్టిలో చేపలు గాలందక పైకి తేలి నోళ్లు తెరిచాయి. సైకిల్ ట్యూబు నుంచి సన్నని గొట్టంతో నీళ్లలోకి గాలి వదిలాను. పది నిమిషాల్లో ట్యూబులో గాలి అయిపోయింది.

"గా సైకిల్ ట్యూబు సాలదు సారూ! లారీ ట్యూబు పెట్టుండ్రి, పొద్దుమూకేదాంక ఉంటది" అన్నాడు పంక్చర్లేసే యాదగిరి.

పెట్టాను. ఇన్‌స్పెక్టరు గారు వంగి చూస్తుంటే, బుడగలు బాగా కనబడాలని, గాలిని అదిమి ఉంచిన గొట్టం క్లిప్పు వదులు చేశాను. అంతే! నీళ్లు ఎగిరి ఆయన్ని తడిపేశాయి. ఒక చేప ఆయన ఫైలు మీద పడి కొట్టుకుంది.

"సార్, క్షమించండి..."

"నా సంగతి తర్వాత! గాలి ఆపవయ్యా!" అంటూ ఆయనే చేపను నీళ్లలో వేశారు. అది ఈదింది!

ఆ సాయంత్రం దాకా తొట్టికి ఊపిరి పోసింది ఆయన విప్పి ఇచ్చిన స్కూటరు స్టెపినీ చక్రమే. పెద్దదైతే మేలనే భ్రమ నాకు ఆ రోజుతో పోయింది.