తోమాసు చెప్పిన ధైర్యం

తోమాసుకి ఆదివారం ప్రార్థన తర్వాత అంతటి భక్తి యూనియన్ మీదే. పరాయి దేశంలో, క్రెయిగీబర్న్ అనే ఊరి అవతల, కార్ల సీట్లకు ఇనుప బిగింపులు చేసే అమెరికావాళ్ళ ఫ్యాక్టరీలో, జుట్టు నెరిసేదాకా ప్రెస్సు మిషను దగ్గర నిలబడ్డ మనిషి. ఒకసారి చేతికి అడ్డంగా ఉండే రక్షణ కంచె పాడైతే, షిఫ్టు మొత్తాన్నీ అతనే బయటికి నడిపించాడు. గేటు ముందు సాసేజులు కాల్చుకుని తిన్నారు. సాయంత్రానికల్లా కొత్త కంచె వచ్చింది. చీరాల నుంచి వచ్చినవాడికి ఈ దేశం మీద గురి కుదరడానికి అంతకంటే ఏం కావాలి?

అమెరికా యజమానులకు మాత్రం ఆ ముచ్చట రుచించలేదు. ఈ జీతాలతో, ఈ యూనియన్లతో పోటీలో నిలబడలేమన్నారు. పని సూళ్లూరుపేట దగ్గర వేసిన కొత్త షెడ్డుకి తరలిపోతోంది. ఇక్కడ మూసేలోపు అక్కడివాళ్ళకి వీడియోలో పని నేర్పాలి. తెలుగొచ్చినవాడు తోమాసొక్కడే. తన గొయ్యి తానే తవ్వుకోవడమంటే ఇదే కదా! మూసివేత ఎలాగూ ఆగదు, రావలసిన పరిహారమైనా దక్కించుకుందామని యూనియన్ కూడా సరేనంది.

తెర మీదికి శేషుకుమారి వచ్చింది. కాంట్రాక్టరు తెచ్చిన కూలి. ఏది చూపించినా ఇట్టే పట్టేసేది. ఒకరోజు తోమాసు ఉన్నట్టుండి అరిచాడు.

"అమ్మా, ఆగు! నీ మిషనుకి కంచేదీ?"

"అదుంటే పని నిదానమైపోద్దని తీసేసినారన్నా. మా పక్కనామెకి వేలు పోయింది."

తోమాసుకి రక్తం ఉడికిపోయింది. తన పక్కనున్న మేనేజరుకి తెలుగు రాదు గదా, ఇక నోటికి అడ్డేముంది?

"ఒక్కదానివే అడగమాక. అందరూ కలిసి మిషన్లాపి బయటికి రండి. వాళ్ళే దిగొస్తారు. మేమిక్కడ అట్నే చేశాం."

ఇంటికొచ్చి అదే గొప్పగా చెప్పుకున్నాడు. ఆస్పత్రి డ్యూటీకి బయల్దేరుతున్న భార్య ఏసుమణి గుమ్మంలోనే ఆగిపోయింది.

"నీ వెనక చట్టముందయ్యా. ఆ పిల్ల వెనక ఎవరున్నారు?"

"అందరూ కలిస్తే ఎవడేం చేస్తాడే?" అని కొట్టిపారేశాడు. గట్టునున్నవాడికి లోతేం తెలుస్తుంది!

సోమవారం తెర మీద ఇంకొకామె కనిపించింది. పేరు లిఖితట.

"శేషుకుమారి ఏదమ్మా?"

ఆమె ఒకసారి వెనక్కి చూసి గొంతు తగ్గించింది. "మీరు చెప్పినట్టే మిషన్లాపి బయటికి పోయినామన్నా. లోపలికి రాకుంటే రేపట్నించి రావద్దన్నారు. మేమంతా తిరిగొచ్చేసినాం. ఆమొక్కతే నిలబడింది. అన్న చెప్పినాడు, దిగొస్తారు అనింది. తీసేసినారు."

ఆ పిల్ల తోమాసుని నమ్మింది. అతని మాట పట్టుకుని ఎండలో ఒంటరిగా నిలబడింది. ఆ మాట అన్నందుకు ఇక్కడ తనకు మాత్రం ఇసుమంత నష్టమైనా లేదు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"ఆమె ఫోన్ నంబరేమైనా..."

"వద్దన్నా. ఇంకేం చెప్పమాకండి. పని చెప్పండి, చాలు."

మేనేజరు ఇంకెంతసేపన్నట్టు చూశాడు. లిఖిత ప్రెస్సు కింద రేకు పెట్టింది. తోమాసు తెరకు దగ్గరగా జరిగాడు.

"వేళ్ళు వెనక్కి తల్లీ... ఇంకొంచెం వెనక్కి," అంటూ నేర్పడం మొదలుపెట్టాడు.