మందు కొట్టని చేను

పోయిన వారం ఖమ్మంలో మా అపార్ట్‌మెంట్ సంఘం వాళ్లు కింద పార్కింగ్‌లో కుర్చీలు వేయించి పర్యావరణం మీద అవగాహన సమావేశం పెట్టారు. వచ్చినవాళ్లకు తలా ఒక ప్లాస్టిక్ సీసాలో నీళ్లిచ్చి, ప్లాస్టిక్ వాడొద్దని చెప్పారు. నేను లోపల్లోపల నవ్వుకుంటూ కూర్చున్నాను. అంతలో మాట్లాడుతున్న అమ్మాయి, కాలేజీ వదిలి ఎన్నాళ్లో అయివుండదు, "మన కూరలోకి వచ్చే మిరపకాయ కోసిన మనిషి ఒంటికి ఏమైందో కూడా మనమే ఆలోచించాలి" అంది. మా వదిన అచ్చం ఈ మాటే అనేది. ఆమె పోయి రెండేళ్లు దాటింది. ఆ తర్వాత ఆ పిల్ల ఏం చెప్పిందో నాకు వినపడలేదు.

మా అన్నయ్య మధిర దగ్గరి పొలం అమ్మేసి, చర్ల వైపు గోదావరికీ అడవికీ నడుమ భూమి కొని మిరప వేశాడు. కోతల కాలంలో అడవి అవతలి ఊళ్ల నుంచి కూలీలు పిల్లాపాపలతో వచ్చి, పని అయిపోయేదాకా చేలగట్ల మీదే గుడిసెలు వేసుకుని ఉండేవారు. ఒక ఏడు, చేనుకు పురుగుమందు కొట్టిన మర్నాడే కోతకు దిగిన ఒక పడుచు చేలోనే పడిపోయింది. భద్రాచలం దవాఖానాకు తీసుకెళ్తే మనిషి బతికింది గానీ కడుపులో బిడ్డ నిలవలేదు. ఆ పొద్దున గుడిసె దగ్గరికి వెళ్లి ఆమెను పనికి పిలుచుకొచ్చింది వదినే. ఆ సంగతి వదిన ఎవరితోనూ పెద్దగా మాట్లాడలేదు. కానీ ఆ వేసవిలోనే, గురువారం సంత నుంచి తిరిగొచ్చే ఆడవాళ్లను తన వసారాలో కూర్చోబెట్టడం మొదలుపెట్టింది.

ఆమె ఏం చదువుకుందని చెప్పడం అని నవ్వినవాళ్లున్నారు. ఆమె మాత్రం మంచినీళ్లిచ్చి, మరమరాలు పెట్టి, మెల్లగా మాట కలిపేది. ఆ రోజుల్లో ఖాళీ మందు డబ్బాలు కడిగి ఉప్పు పోసుకునేవారు, వాటిలోనే చేలోకి తాగేనీళ్లు మోసేవారు. ముందు అది మాన్పించింది. తర్వాత వేపగింజలు, వెల్లుల్లి, పచ్చిమిర్చి నూరి కషాయం కాచడం చూపించింది. చూపించడానికి వేరే గిన్నె లేక ఇంట్లో పాలగిన్నె వాడేసింది. ఆ వారమంతా అన్నయ్య కాఫీ ముక్కు మూసుకుని తాగాడు. "మీ వదిన పురుగులకు కషాయం పోసి జలుబు తగ్గిస్తోంది" అని నాకు ఫోన్‌లో చెప్పి నవ్వించాడు. అంటూనే సగం చేను ఆమెకు వదిలేశాడు. ఆ సగంలో దిగుబడి తక్కువే వచ్చేది. మిగతా సగం ఉంది కాబట్టి ఇల్లు గడిచేది. ఈ సంగతి అప్పుడు మాలో ఎవరికీ తట్టలేదు.

ఆడవాళ్ల మధ్యలో వచ్చి కూర్చునే మగవాడు ఒక్కడే ఉండేవాడు. మా బాబాయి కొడుకు. నాకు తమ్ముడు. అన్నయ్య వెనకాలే వచ్చి, పక్కనే కౌలుకు తీసుకుని మిరప వేసేవాడు. మితభాషి. అడగాల్సింది మాత్రం విడవకుండా అడిగేవాడు. రెండేళ్లు విని, మూడో ఏడు తన చేను మొత్తం మందు లేకుండా చేశాడు. గుడిసెల్లో పిల్లలు అతని చేను కాలవలో స్నానాలు చేస్తుంటే వదిన నిలబడి చూసేది. ఆమె ముఖంలో అంత తెరిపి నేనెప్పుడూ చూడలేదు.

ఆ తర్వాతి శీతాకాలంలో మిరప పూతను నల్ల పురుగు పట్టింది. సన్నటిది, పూవు లోపల చేరి రసం పీల్చేస్తుంది. చుట్టూ ఉన్న రైతులు రోజు విడిచి రోజు మందు కొట్టి కొంత పూత నిలబెట్టుకున్నారు. కషాయానికి అది లొంగలేదు. నేనప్పుడు అన్నయ్య ఇంట్లోనే ఉన్నాను. పక్క చేల తొలి కోతకు కూలీలు అప్పటికే గుడిసెలు వేసుకున్నారు. వదిన రెండు పూటలా తమ్ముడి చేనుకు వెళ్లి పూలు విప్పి చూసొచ్చేది. అన్నం సరిగా తినేది కాదు. ఒక పొద్దున నన్ను వెంటబెట్టుకుని వెళ్లి, గట్టు మీద నిలబడి, "మందు కొట్టు" అంది అతనితో.

అతను వినపడనట్టు చూశాడు. "ఏంది వదినా, కొట్టొద్దని ఇన్నేండ్లు చెప్పింది నువ్వే గదా."

"చెప్పిన. ఇప్పుడు కొట్టమంటున్న. నీది కౌలు చేను."

"ఆ పిల్లలు ఈ కాలవ నీళ్లే తాగుతున్నరు. వాళ్లను ఎటు పొమ్మంటం?" అన్నాడు. కోపంగా కాదు. నిజంగానే ఆమె చెబుతుందేమోనని అడిగాడు. వదిన గట్టు దిగింది. మేం తిరిగొచ్చేశాం. అతను మందు కొట్టలేదు. పూత మొత్తం రాలిపోయింది.

ఎండలు ముదరకముందే అతను కౌలు వదిలేసి, పెళ్లాం పిల్లలతో కొత్తగూడెం వైపు బొగ్గు గని దగ్గర కాంట్రాక్టు పనికి వెళ్లిపోయాడు. వదిన మాటలు విని చెడిపోయిండని ఊరంతా అన్నారు. ఎదురుగానే అన్నారు. వదిన తలవంచుకుని వినేది. నాకు ఉండబట్టలేక, "కొట్టమని నువ్వు చెప్పిన సంగతి వాళ్లకు చెప్పొచ్చుగా వదినా" అన్నాను. "ఇన్నేండ్లు చెప్పినదాన్ని ఒక్క పూట మాటతో కడుక్కోమంటవా" అంది. మళ్లీ ఆ ఊసు ఎత్తనివ్వలేదు.

వెళ్లేముందు తమ్ముడి భార్య వచ్చింది. తిడుతుందేమోనని నేను భయపడ్డాను. వదిన కాళ్ల దగ్గర మెట్టు మీద కూర్చుంది. "నువ్వు చెప్పింది తప్పు కాదక్కా. అది వినే స్తోమత మాకు లేకపాయె" అంది. వదిన ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ అమ్మాయి చెయ్యి లాక్కోలేదు. అలాగని తిరిగి పట్టుకోనూ లేదు.

తర్వాతి గురువారం ఆడవాళ్లు మామూలుగానే వస్తే, ఒంట్లో బాగాలేదని చెప్పి పంపించేసింది. వానలు వచ్చి వెళ్లాక మళ్లీ కూర్చోబెట్టింది. ఈసారి మాట తీరు మారింది. "నేను చెప్పింది చేస్తే పంట పోవచ్చు. పోతే ఇంట్లో ఏం తింటరో ముందు చూసుకోండి. ఒక మూలనే చేయండి" అని మొదలుపెట్టేది. అలా చెబితే ఎవరొస్తారు? ఇద్దరో ముగ్గురో వచ్చేవారు. ఆమె చెప్పడం మాత్రం మానలేదు. కాకపోతే ఎవరైనా సరేనంటే, సంతోషపడే ముందు ఒక క్షణం ఆగి వాళ్ల ముఖంలోకి చూసేది.

జ్వరంతో మొదలై నెల తిరక్కుండా పోయింది వదిన. తమ్ముడు బొగ్గు ఊరి నుంచి వచ్చి పాడె మోశాడు. చిక్కిపోయాడు, దగ్గుతున్నాడు. దినాల తర్వాత వసారాలో నా పక్కన కూర్చుని, "మళ్లీ ఆ ఏడే వచ్చినా నేను కొట్టనక్కా. వదినకు ఆ ముక్క చెప్పాల్నని ఎన్నిసార్లో అనుకున్న. బస్సు ఎక్కలేకపోయిన" అన్నాడు. ఆ మాట విని ఆమె తేలికపడేదో, ఇంకా బరువు మోసేదో నాకు తెలియదు. ఆ ఒక్క మాట చెప్పుకోవడానికి వాళ్లిద్దరికీ ఎన్నో ఏళ్లున్నాయి. రేపు చెప్పుకుందామనుకుంటుండగానే అవన్నీ అయిపోయాయి.