మూడూ పదిహేను

మలార్గే మైదానంలో గాలి లేస్తే మేకలు ఎగిరి పక్క పొలంలో దిగుతాయి గానీ, ఎలీసియో టోపీ కదలదు. పదహారు వందల నీటి తొట్టెలకు అతడు కాపరి. ఆకాశంలో ఎక్కడో పుట్టిన మహాశక్తి గల కణాలు నేలకు దిగితే ఆ తొట్టెలు పసిగడతాయి. ఆ కణాలు ఏ దిక్కునుంచి వచ్చాయో శాస్త్రవేత్తలు లెక్క కడతారు. ఎలీసియో ప్రతి తొట్టెనూ వేలి కణుపులతో రెండుసార్లు తట్టి, పేరుపెట్టి పలకరించి, మూత తెరిచి బ్యాటరీ మార్చి, మాతే కషాయం పీలుస్తూ పుస్తకంలో మూత మూసిన వేళ రాస్తాడు. ఎప్పుడూ నిండు గంటే రాస్తాడు. నిమిషాలు అతడికి చాదస్తం.

ఆ మంగళవారం లెక్కలు కట్టే గదిలో ఉన్న ఎలీసియో దగ్గరికి శాస్త్రవేత్త డాక్టర్ మిర్తా పరుగున వచ్చింది.

"పదేళ్లలో ఇంత పెద్ద కణం పడలేదు ఎలీసియో! నిన్న మూడూ పదికి. దారి వెనక్కి గీస్తే తిన్నగా ఒక గెలాక్సీకే తగులుతోంది. పలోమా తొట్టె మూత మూడింటికే మూసేశావుగా? పుస్తకంలో అలాగే ఉంది."

మూత తెరిచి ఉంటే ఆ తొట్టె సాక్ష్యం చెల్లదు. గదిలో అందరూ అతడి నోటివంకే చూస్తున్నారు. ఎలీసియో టోపీ తీశాడు. అతడి బట్టతలను అక్కడెవరూ అంతకుముందు చూడలేదు.

"మూడుంపావుకి మూశాను డాక్టరమ్మా. మాతే చల్లారిపోతోందని మూడని రాసేశాను."

"నీ మాతే మండిపోను!" అంటూనే ఆమె పలోమా సాక్ష్యాన్ని కొట్టేసి మళ్లీ లెక్క కట్టింది. గీత గెలాక్సీని వదిలి ఖాళీ చీకట్లోకి జరిగింది. "ఇక్కడేమీ లేదయ్యా!"

"నా మేక తప్పిపోయినప్పుడూ అలాగే అన్నారు. అక్కడే దొరికింది."

ఎలీసియో పుస్తకం లాక్కుని, నిన్నటి మూడు పక్కన పదిహేను చేర్చాడు.