మా చిన్నాన్న వెయ్యలేని ముడి

నా చిన్నప్పుడు మా ఊరికి టెలిగ్రాం వస్తే దాన్ని ముందు చదివేవారు కాదు. ముందు ఏడ్చేవారు, ఆ తరవాత తీరిగ్గా చదివించుకునేవారు. ఇన్నేళ్ళయినా ఆ సంగతి తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

మా చిన్నాన్న మిలట్రీలో ఉండేవాడు. ఆ ఏడు సరిహద్దులో యుద్ధం జరుగుతోంది. మా పిన్ని కాపురానికొచ్చి రెండేళ్ళు కూడా కాలేదు. నాకు తొమ్మిదేళ్ళు. జడ వేయించుకోవాలన్నా, కాల్లో ముల్లు తీయించుకోవాలన్నా పిన్ని దగ్గరికే పరిగెత్తేదాన్ని. ఒకరోజు పొద్దున్న పోస్టుమేన్ వచ్చి, మిలట్రీ టెలిగ్రాం అని మా తాతయ్య చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. అది ఇంగ్లీషులో ఉంది. ఊళ్ళో ఇంగ్లీషు వచ్చింది బడి మేష్టారొక్కరికే. ఆయన చుట్టాలింట్లో పెళ్ళికని రాజాం వెళ్ళి ఉన్నారు. బస్సెక్కితే అరగంటలో నరసన్నపేట. అక్కడ ఏ కొట్లో అడిగినా షావుకారు కొడుకెవరో ఒకడు చదివి పెట్టేవాడు. ఇంతమంది మొగవాళ్ళలో ఒక్కడికీ బస్సెక్కుదామని తోచలేదు. మిలట్రీ నుంచి టెలిగ్రాం ఇంకెందుకొస్తుందని పెద్దలు తేల్చేశారు.

మూడో రోజు పెద్దత్త చేత ఆ పని కానిచ్చారు. పెద్దత్త అంటే మా నాన్నకీ చిన్నాన్నకీ అక్క, మా వైపు మాటలో అప్ప. పదహారేళ్ళకే మొగుడు పోయి పుట్టింటికి చేరిన మనిషి. ఊళ్ళో ఎవరి మొగుడు పోయినా పెళ్ళాం గాజులు చిదపడానికి, పుస్తెలు తెంపడానికి ఆవిడకే కబురొచ్చేది. ముత్తయిదువలు ఆ పని చెయ్యకూడదట. చేయించడానికి మాత్రం చుట్టూ చేరేవారు. పిన్నిని నూతి దగ్గర కూర్చోబెట్టారు. ఆవిడ ఏడవలేదు. "ముందల కాయితం సదివించండి" అని ఆ ఒక్క మాటే పదిసార్లు అంది. నేను అడ్డం వెళ్తే మా అమ్మ నా రెక్క పట్టుకుని ఈడ్చేసింది.

ఆ సాయంత్రం మేష్టారొచ్చి చదివారు. కుడిభుజానికి గాయమైంది, ఆసుపత్రిలో ఉన్నాడు, ప్రాణానికి భయం లేదు. అందులో ఉన్నది అంతే.

ఇక పిన్ని కాళ్ళమీద పడతారనుకున్నాను. చిన్నపిల్లని కదా, అలాగే అనుకుంటాను. పెద్దలు మళ్ళీ అరుగు మీద కూర్చున్నారు. తీసేసినవి ఊరికే తొడిగితే అరిష్టమట. వాడే వచ్చి మళ్ళీ కట్టాలట, అంతవరకూ ఇలాగే ఉండాలట. ఈ సంగతి వాడికి ఎవరూ రాయకూడదట. నాలుగు నెలలు. మొగుడు ఆసుపత్రి నుంచి ఉత్తరాల మీద ఉత్తరాలు రాయిస్తుంటే, పెళ్ళాం ఇక్కడ బోడి నుదురుతో తిరిగింది. వీధిలో ఆవిడ ఎదురొస్తే జనం వెనక్కెళ్ళి, కాసేపాగి మళ్ళీ బయల్దేరేవారు. కాగితం చదివించని పాపం వాళ్ళది, శిక్ష ఆవిడది. ఆ నాలుగు నెలలూ నేను పెద్దత్త చేతి ముద్ద తినలేదు.

చిన్నాన్న వచ్చే రోజున పిన్నిని పెరటి వసారాలో కూర్చోమన్నారు. వచ్చీరాగానే ఆవిడ మొహం చూడకూడదట. ఆయన ట్రంకుపెట్టె ఎడంచేత్తో మోసుకుంటూ వచ్చాడు. కుడిచెయ్యి పక్కన ఊరికే వేలాడుతోంది. మంచినీళ్ళు కూడా ముట్టకుండా పిన్ని ఏదని అడిగాడు. నేనే ఆయన వేలు పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్ళాను.

చూసి, పిన్ని ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. పిన్నే జరిగిందంతా చెప్పింది. ఆయన వీధి వసారాలోకి వచ్చాక ఎవరినైనా కొడతాడేమోనని చూశాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆయన గొంతు కూడా పెంచలేదు. పుస్తెలు, పసుపుతాడు, కుంకం తెమ్మన్నాడు. గాజులమ్మే ఆవిడని పిలుచుకు రమ్మని నన్ను పంపాడు. నేను తిరిగొచ్చేసరికి వీధి వీధంతా మా గుమ్మం ముందుంది. పిన్నిని అందరి మధ్యా పీట మీద కూర్చోబెట్టి, ఎడంచేత్తో తాడు మెడ చుట్టూ వేసి, ఆగిపోయాడు.

"అప్పా, ఇలా రా. ముడి నువ్వే ఎయ్యాల. నా సెయ్యి పన్సెయ్యడం నేదు."

పెద్దత్త తలుపు చాటు నుంచి కదల్లేదు. మా వైపు పెళ్ళిలో పెళ్ళికొడుకుతో పాటు ముడి వేసేది ఆడపడుచే. కానీ చిన్నాన్న పెళ్ళినాడు ఆవిడని పందిరి దరిదాపులకి రానివ్వలేదు, వరసకి చెల్లెలైన ఇంకెవరో వేశారు.

"నాది మంచి సెయ్యి కాదురా తమ్ముడా."

"తెంపడానికి మంచిదే అయినాది గదా అప్పా. ముడెయ్యడానికి కాకుండా పోనాదేటి?"

తాతయ్య ఏదో అనబోయాడు. చిన్నాన్న ఆయన వంక ఒక్క చూపు చూశాడు. పెద్దత్త వచ్చింది. మొదటి ముడి రెండుసార్లు జారిపోయింది. మూడు ముళ్ళూ ఆవిడే వేసింది. గాజులు ఆవిడే తొడిగింది, బొట్టు ఆవిడే పెట్టింది. పెట్టి, పిన్ని భుజం మీద తల వాల్చి, అంతమందిలో భోరున ఏడ్చింది. నాలుగు నెలలుగా నేను కోపం తెచ్చుకోవలసింది ఈ మనిషి మీద కాదని నాకు అప్పుడే తెలిసింది. ఆ చేతిని ఆ పనికి పెట్టినవాళ్ళు హాయిగా నిలబడి చూస్తున్నారు.

రెండు రోజుల తరవాత పెరట్లో పెయ్యదూడ తాడు తెంపుకుంటే చిన్నాన్న దాన్ని మళ్ళీ రాటకి కట్టాడు. ఒక కొస పళ్ళతో పట్టుకుని, ఇంకో కొస ఎడంచేత్తో తిప్పి, చిటికెలో ముడి బిగించాడు. నేను నోరు తెరుచుకుని చూశాను.

"సిన్నాన్నా, నీకు ముడెయ్యడం వచ్చు గదా."

ఆయన వంటింటి వైపు ఓసారి చూశాడు. "ఒలే, అప్పకి సెప్పకు" అని దూడకి గడ్డి వేసుకుంటూ పోయాడు.

నేను చెప్పలేదు. ఆయన మరో నలభై ఏళ్ళు బతికాడు. పిన్ని తల కూడా ఎడంచేత్తో దువ్వేవాడు, పెద్దత్తని చివరిదాకా తల్లిలా చూసుకున్నాడు. యుద్ధం గురించి మాత్రం అడిగినా చెప్పేవాడు కాదు. ఇప్పుడు జెండా పండగ వచ్చిందంటే మా ఊరి మొదట్లో ఆయన ఫొటోతో ఫ్లెక్సీ కడుతున్నారు, తుపాకీ పట్టుకున్న ఫొటో. కట్టేవాళ్ళ ఇళ్ళలో ఇప్పటికీ గాజులు చిదుపుతూనే ఉన్నారు. ఆ ఫ్లెక్సీ చూస్తే చింపి పారెయ్యాలనిపిస్తుంది.

మా ఆయన పోయి ఆరేళ్ళయింది. నా బొట్టు జోలికి ఎవరూ రాలేదు, నా నోరంటే ఊరికి భయం. అయినా ఎవరింట్లోనైనా మొగుడు పోతే ఇప్పుడు నాకు కబురు పెడుతున్నారు, ఆ పనికి ముండమోసిన చెయ్యి కావాలి కదా. నేను వెళ్తాను. అందరికంటే ముందు వెళ్ళి, ఆ పిల్ల పక్కన కూర్చుని, దాని రెండు చేతులూ నా ఒళ్ళో పెట్టుకుంటాను. ఇక కానీ అని చుట్టూ ఉన్న ఆడాళ్ళు తొందరపెడితే, నా సెయ్యి పన్సెయ్యడం నేదమ్మా అంటాను. పొద్దున్నే రెండు బిందెల నీళ్ళు మోసుకుంటూ వాళ్ళ గుమ్మాల ముందు నుంచే వెళ్ళి ఉంటాను. చూసే ఉంటారు. చూడాలనే మోస్తాను.