ఒకరి వెనక ఒకరు

మైదానం వాళ్లు పక్కపక్కన నడుస్తారు. మేము ఒకరి వెనక ఒకరం నడుస్తాం, ఎంత వెడల్పాటి తారు రోడ్డైనా సరే. కొండదారి నేర్పిన నడక అది. అందులో తేడా ఉందని అరకులో యానిమేషన్ నేర్చుకునేదాకా నాకే తెలీదు.

శిక్షణ చివర్లో తలా ఒక చిన్న బొమ్మల సినిమా చెయ్యాలి. బాగున్నవి ఆఖరి రోజు పెద్ద తెరమీద వేస్తారు. ముంచింగిపుట్టు అవతల నుంచి వచ్చి, మౌసు పట్టుకోవడం దగ్గర మొదలెట్టినదాన్ని. నా బొమ్మలు ఆ తెరమీద పడాలని ఎంత కోరికో చెప్పలేను. తల్లీ కూతురూ పసుపు మూటలు నెత్తిన పెట్టుకుని, వెడల్పాటి రోడ్డుమీద కబుర్లాడుకుంటూ సంతకి పోయే కథ తీసుకున్నాను. అడుగు పడితే మోకాలు ఎంత వంగాలి, బరువుకి నడుం ఎటు ఒరగాలి అని మాటిమాటికీ లేచి గదిలో నేనే నడిచి చూసుకున్నాను. మాటలు మా భాషలోనే పెట్టి, రెండు గొంతులూ నేనే చెప్పాను.

మాకు నేర్పే సారు విజయనగరం వైపు ఆయన. చూసి నవ్వారు.

"ఏటమ్మా, ఇద్దరూ తగువాడుకున్నారేటి? ఆ కూతురు గుంట ఎనకాల ఎందుకు నడుత్తంది? పక్కన పెట్టు."

"మేం ఇలాగే నడుస్తాం సార్."

"సూసేవోళ్లకి తెలవాలి కదా? పోనీ, దారైనా సన్నంగా గీసెయ్యి. లేపోతే తెరమీద ఎయ్యలేను."

దారి సన్నం చెయ్యడం చిటికెలో పని. కానీ నాకు ఒళ్లు మండింది. మా నడకకి సాకు వెతకడం దేనికి? మర్నాడు సంత. సారుని కిటికీ దగ్గరికి పిలిచాను. కింద రోడ్డంతా ఖాళీగా ఉంటే ఆడవాళ్లు వరసకట్టి, తల తిప్పకుండా, గలగలా మాట్లాడుకుంటూ పోతున్నారు. వెనక నుంచి ఆటో హారన్ కొట్టినా వరస చెదరలేదు. ఆ వరస మలుపు తిరిగేదాకా సారు చూశారు.

"రోజూ సూత్తనే ఉన్నాను గానీ... అలాగే ఉంచెయ్యమ్మా," అన్నారు.

తెరమీద వేశారు. చప్పట్లు కొట్టారు. గర్వంతో నా కాలు నేలమీద నిలవలేదు.

ఇంటికెళ్లి ఫోన్లో అమ్మకి చూపించాను. నడక గురించి ఆమె ఒక్క మాటా అనలేదు. ఆమెకి అందులో వింతేముంది? మళ్లీ పెట్టమని, ఫోను చెవికి ఆనించుకుని విని, నన్ను కసిరింది.

"ఆ గుంట గొంతు పెంచవే. ముందు నడిసేదానికి ఇనబడొద్దా?"

సారు చెప్పినా దారి సన్నం చెయ్యని నేను, ఆ గొంతు పెంచడానికి అప్పటికప్పుడే కూర్చున్నాను.