తప్పు చెప్పినవాడికి మాడిన చపాతీ

అశోక్‌నగర్‌లో మా వంటింటి కిటికీ తెరిస్తే ఎదురుగా గోవర్ధన్ హాస్టల్ వంటగది. మధ్యలో మూడు మూరల సందు. అక్కడ తాలింపు వేస్తే ఇక్కడ మా ఆయన తుమ్ముతారు. కాబట్టి సత్తవ్వ సంగతులు నేను ఎవరినీ అడిగి తెలుసుకోలేదు. కొంచెం అడిగాను, అంతే.

సత్తవ్వది జనగామ పక్క పల్లె. అరవై దాటాయి. పదకొండేళ్లుగా ఆ హాస్టల్లో చపాతీలు చేస్తోంది. అక్షరం ముక్క రాదు. అయితే సర్కారు కొలువుల పరీక్షలకు చదివే పిల్లలు, చిక్కడపల్లి లైబ్రరీలో కుర్చీ దొరకని రోజున, ఆమె పొయ్యి చుట్టూ చేరి గట్టిగా చదువుకునేవారు. ఏటేటా కొత్త పిల్లలు, అవే పాఠాలు. బుద్ధుడు, మహావీరుడు, శంకరులు, సూఫీలు, ఏసుప్రభువు కొండమీద చెప్పిన మాటలు, అన్నీ పిండితోపాటు ఆమె చేతికి అంటుకున్నాయి. చివరికి పిల్లలు పుస్తకం మూసి ఆమెకే పాఠం అప్పజెప్పడం మొదలుపెట్టారు. తప్పు చెబితే సత్తవ్వ చపాతీ కర్రతో పీట మీద టక్కున కొడుతుంది. మాడిన చపాతీ వాడి కంచంలో పడుతుంది.

అక్కడి మాటలు అక్కడే ఆగితే బాగుండేది. బోధన్ నుంచి వచ్చిన ఇర్ఫాన్‌కు బౌద్ధం నచ్చింది. రంజాన్‌కు ఇంటికెళ్లి తాతకు బోధించాడు.

"లోకంల అన్నీ క్షణికమే తాతా. ఏదీ నిలువది."

"గట్లనా? మరి నీ పరీక్షల తయారీ ఒక్కటే ఏడేండ్ల సంది ఎట్ల నిలిచిందిర?"

తెనాలి నుంచి వచ్చిన రాఘవేంద్రది మడి కట్టుకునే ఇల్లు. వాడు సూఫీలను పట్టుకున్నాడు. వాళ్లమ్మకు ఫోన్ చేసి, "నేను అనేది కరిగిపోవాలమ్మా" అన్నాడు. "ముందు నీ పొట్ట కరగనీరా" అన్నదావిడ.

నేను కిటికీలోంచి ఒకసారి అడిగాను. "ఇంతకీ సత్తవ్వా, ఇన్నిట్లో నీకేది నచ్చింది?"

"నాకా పెద్దమ్మా? పిండి మెత్తగ పిసుకుడు. పిండి గట్టిగుంటే ఏ దేవుడొచ్చినా చపాతి పొంగది."

మొన్న శ్రావణంలో హాస్టల్ యజమాని గోవర్ధన్ చపాతీ మిషను తెచ్చాడు.

"సత్తవ్వా, నెలాఖరు దాకా చూస్త. మిషను మంచిగ నడిస్తే నువ్వు ఊరికి పోయి ఆరాం చెయ్యి."

"ఊర్ల నాకెవరున్నరు బిడ్డా? ఒక బర్రె ఉన్నది. దానికి సూఫీల గురించి చెప్తే మేత మానేస్తది."

నవ్వుతూనే అంది. కానీ ఆ పూట ఎవడెన్ని తప్పులు చెప్పినా పీట మీద టక్కు వినపడలేదు. నేను కిటికీ దగ్గర రెండుసార్లు దగ్గాను. ఆమె ఇటు తిరగకుండా చపాతీలు ఒత్తుతూ పోయింది.

మిషనుకు పూజ చేశారు. పంతులుగారు కొబ్బరికాయ కొట్టారు, కింద నిమ్మకాయ పెట్టారు. గోవర్ధన్‌కు అదీ చాలలేదు.

"ఇర్ఫాన్, నీ దిక్కు నుంచి గూడ జర ఒక దువా చదువు. సుమంత్, మీ చర్చిల చేసే ప్రార్థన నువ్వు చెయ్యి. రిపేరు రావొద్దు."

మూడు దిక్కుల నుంచీ సిఫారసు అందుకున్న మిషను ఏ మతమూ పట్టనట్టు గర్రుమంది. ఒకటే గోల! ఉండలు అందించడానికి సత్తవ్వ పక్కనే కూర్చుంది. పిల్లల నోళ్లు కదులుతున్నాయి, పాఠం వినపడదు. ఆమె నోరు కదులుతోంది, దిద్దుబాటు వినపడదు. మాడిన చపాతీ లేదని నాలుగు రోజులు పండగ చేసుకున్నారు. అయిదో రోజు మాదిరి పరీక్షలో ఇర్ఫాన్ శంకరుల మాయావాదాన్ని తీసుకెళ్లి గ్రీకులకు అంటగట్టి వచ్చాడు.

నెలాఖరు వచ్చింది. సత్తవ్వ సంచి సర్దుకుని గోడకు ఆనించింది. చివరి మాట చెబుదామని గోవర్ధన్ వంటగదిలోకి వచ్చాడు. సరిగ్గా అప్పుడే రాఘవేంద్ర మిషను మీదుగా అరిచాడు.

"ఒరే ఇర్ఫాన్, అన్నీ క్షణికమైతే పొద్దున ఆకలేసినవాడు ఒకడూ, ఇప్పుడు తినేవాడు ఇంకొకడూ కదా?"

"ఔ మరి!"

"అయితే నీ చపాతీ నేను తింటా. ఎవడు తింటే ఏం?"

"ఏయ్, ఇడువుర! ఆకలైతున్నది నాకు!"

గోవర్ధన్ చెప్పొచ్చిన మాట మరిచిపోయాడు. "అరె, అట్లయితే పొద్దున నేను తిట్టినోడు ఒకడు, ఇప్పుడు మూతి ముడుచుకున్నోడు ఇంకొకడా? సత్తవ్వా, దీనికి బుద్ధుడేమన్నడు?"

సత్తవ్వ చెప్పింది. మిషను గర్రుమంది.

"ఏందీ?"

మళ్లీ చెప్పింది. మళ్లీ గర్రు. నేను కిటికీ ఊచల్లో తల ఇరికించుకున్నాను, అయినా వినపడలేదు. గోవర్ధన్ చెయ్యి చాచి స్విచ్ కట్టేశాడు.

"ఇప్పుడు చెప్పు!"

"గీ సవాలు మనకంటె ముందే ఒక గ్రీకు రాజు ఒక బౌద్ధ సన్యాసిని అడిగిండు. పరీక్షల వస్తే పది మార్కులు." పిండి ముద్ద చేతిలోకి తీసుకుంది. "చూడు, దీన్ల నిన్న మిగిలిన ముద్ద కలిపిన. ఇది నిన్నటి పిండేనా? కాదు. వేరేదా? గదీ కాదు. నువ్వు గూడ గంతే బిడ్డా."

గోవర్ధన్ వంగి పిండి ముద్దను దగ్గరగా చూశాడు. "నిన్నటి పిండి కలుపుతున్నవా?"

"పదకొండేండ్ల సంది తింటున్నవు. ఏమన్నయిందా?"

పిల్లలు పడీ పడీ నవ్వారు. గోవర్ధన్ కూడా కంచం తెచ్చుకుని పీట ముందు బాసింపట్టు వేసుకున్నాడు. "సరే గని, ఆ రాజు ఒప్పుకున్నడా?"

సత్తవ్వ పెనం పెట్టింది. సంచిలోంచి తన చపాతీ కర్ర తీసింది.

ఆ రోజు నుంచీ మిషను మూలనే ఉంది. బొట్టు చెరగలేదు, రిపేరూ రాలేదు. మూడు ప్రార్థనలూ ఫలించినట్టే. నిన్న జైనులకూ బౌద్ధులకూ తేడా ఏమిటో తప్పు చెప్పి గోవర్ధన్ మాడిన చపాతీ తిన్నాడు. నేనూ అదే జవాబు అనుకున్నాను. పైకి మాత్రం అనలేదు.